సూది సుంకం

హైఫోల్డ్, థార్న్‌గిల్.
ఫిబ్రవరి 2.

మరదలు డోర్కస్‌కు,

మీ అమ్మ శవపేటిక నా దిగువ చేను గేటు దాటి ఇరవై ఏళ్ల పైనే అయింది. గేటు గుంజకు నువ్వు గుచ్చాల్సిన సూది ఇంతవరకూ గుచ్చలేదు. ఈ మాట నీ ముఖం మీదే అనాలని ఎన్నో క్రిస్మస్‌లు అనుకున్నాను. నోరు తెరిచిన ప్రతిసారీ మీ అక్క బల్లకింద నా కాలు తొక్కింది. ఉత్తరం రాసేవాడి కాలు ఎవరూ తొక్కలేరు కనక ఇప్పుడు రాస్తున్నాను.

పద్ధతి నీకు తెలియంది కాదు. పై ఇళ్లవాళ్లు ఎవరి శవాన్ని మోసుకొచ్చినా మా చేను దాటితేనే చర్చి. దాటేముందు గుంజకు ఒక సూది గుచ్చాలి. మా తాతకు సూదులు కరువై కాదు. "ఇది నీ నేల, నీ మంచితనం మీద పోతున్నాం" అని ఒప్పుకోవడం, అంతే. గుచ్చకుండా పోతే శవం నడిచిన దారి అందరి దారి అయిపోతుందని ఈ లోయలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. పాదిరిగారి తమ్ముడు పోతే గుచ్చారు. గొర్రెల దొంగ నెడ్ పోతే వాడి పెళ్లాం ఏడుస్తూ గుచ్చింది. బడిపంతులమ్మవు, నువ్వొక్కత్తెవే తల ఎగరేసుకుంటూ పోయావు. ఆ తల మీద టోపీ అయినా ఉందా? కన్నతల్లిని పూడ్చడానికి జుట్టు గడ్డివాములా చెదరగొట్టుకుని వచ్చావు. పాదిరిగారు చూడలేక కళ్లు దించుకున్నారు. నేను దించుకోలేదు.

అది చాలదన్నట్టు ఇప్పుడు పుస్తకం. "థార్న్‌గిల్: చరిత్ర, చూడదగ్గ చోట్లు." పోస్టాఫీసులో చుట్ట పొగాకు పక్కన పెట్టి అమ్ముతున్నారు. మీ అక్క చదివి వినిపించింది. మధ్యలో లేచి పంది కొట్టం కడగడానికి పోయాను, అక్కడే హాయిగా అనిపించింది. చర్చి గోడ పక్క రాతి మొద్దు వెయ్యేళ్ల శిలువట. మా పందులు మూడు తరాలుగా వీపు గోక్కున్న రాయి అది. నున్నబడింది భక్తుల చేతులు తాకి కాదు. వాగు మలుపులో మడుగు మంత్రగత్తెల్ని ముంచిన మడుగట. అందులో గొర్రెల్ని తప్ప దేన్నీ ముంచలేదు. మంత్రగత్తెల్ని ముంచే అలవాటే ఉంటే మీ మేనత్త అంతకాలం బతికేది కాదు. పబ్బు మేడ మీద రాజొకడు పడుకున్నాడట! ఆ గదిలో ఒకసారి నేను పడుకున్నాను. వాన పడితే రాజైనా పక్కలో బకెట్టు పెట్టుకోవాల్సిందే.

నీ పుస్తకం పుణ్యమా అని పోయిన వేసవంతా బస్సులు. ఎర్ర కోట్లు, పచ్చ కోట్లు, మెడలో మ్యాపులు. నా పెరటి గోడ మీద కూర్చుని రొట్టెలు తింటూ "ఎంత ప్రశాంతంగా ఉందో!" అని అరుస్తారు. ప్రశాంతం గురించి అంత గట్టిగా అరిచేవాళ్లను నేనెక్కడా చూడలేదు.

పదకొండో పేజీలో మా చేను దాటే ఆ శవాల బాట గురించి రాశావు. "తరతరాలుగా అందరికీ తెరిచి ఉన్న దారి" అని. తెరిచిందెవరు?

సరే, అదంతా పోనీ. ఒక్కదానికి జవాబు రాయి. ఆ రోజు సూది గుచ్చావా, లేదా? గుచ్చలేదని నాకు తెలుసు. నీ చేతిరాతలో కావాలి. కింద సంతకం పెట్టు.

మీ అక్క బాగానే ఉంది. రాయడానికి తీరిక లేదు.

ఏమోస్ కియర్టన్


విట్బీ.
ఫిబ్రవరి 9.

ఏమోస్ బావకు,

నీ ఉత్తరం అందింది. మా ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాయన కవరు చూసి, "కోడి సిరాలో దిగి నడిచినట్టుందే, ఎవరిదండీ?" అన్నాడు. మా బావది అని గర్వంగా చెప్పాను. ఇన్నేళ్ల బంధుత్వంలో నువ్వు నాకు రాసిన మొదటి ఉత్తరం. రెండు వైపులా నింపావు. గొర్రెల వ్యాపారికి కూడా నువ్వు ఇన్ని మాటలు ఖర్చు పెట్టి ఉండవు.

పంది రాయి సంగతి నాకు తెలుసు. మ్యూజియం నుంచి వచ్చినాయన మోకాళ్ల మీద కూర్చుని చూసి, వెయ్యేళ్ల శిలువేనన్నాడు. మీ ఇంట్లో భక్తి ఉన్నవి పందులేనని తేలింది, అంతే. రాజుగారు పడుకున్నారని నేనూ నమ్మను. పబ్బువాడు బతిమాలితే "అంటారు" అని రాశాను. చూసుకో, "అంటారు" అనే ఉంది. ఇంకొకరు అన్నది వినడం నీకు ఎన్నడూ అలవాటు లేదు గనక నీకు కనబడలేదు. మా మేనత్త జోలికి రాకు. ఆమె నిజంగానే మంత్రగత్తె అయితే మీ పెళ్లి జరగనిచ్చేది కాదు.

మన ఊరు కూడా ఊరే అని నలుగురూ వచ్చి చూస్తే నీకెందుకంత మంట? యాభై ఏళ్లుగా నువ్వు ఆ కొండనూ గొర్రె తోకనూ తప్ప ఏమీ చూడలేదు. చూసేవాళ్లను చూసి ఓర్వలేకపోతున్నావు.

ఇక సూది. ఇరవై ఏళ్లు ఆగినవాడివి ఇంకొన్నాళ్లు ఆగలేవా? అయినా సంతకం దేనికి? నీ కోపానికి సాక్ష్యం ఎప్పుడు కావాల్సొచ్చింది? ఇందులో ఏదో మతలబుంది. సంతలో గొర్రెను అమ్మేటప్పుడు నువ్వెప్పుడూ దాని కుంటికాలి వైపే నిలబడతావు. ఇప్పుడు ఏ కాలు దాస్తున్నావు?

అక్కకు తీరిక లేదన్నావు. పెళ్లినాడు కూడా పూలు సర్దుకుంటూ నాకు చీటీ రాసిన మనిషికి తీరిక లేదా? ఈసారి క్రిస్మస్ కార్డులో పేరు తప్ప ఒక్క మాట లేదు. ఆ పేరులో అక్షరాలు కూడా కిందికి జారిపోయాయి. అక్కను నాలుగు ముక్కలు రాయమను. ఆ తర్వాత నీ సూది సంగతి చూద్దాం.

డోర్కస్


హైఫోల్డ్.
ఫిబ్రవరి 20.

డోర్కస్‌కు,

నీ తెలివితేటలు అడగలేదు, సూది సంగతి అడిగాను. ఏ కాలూ దాచడం లేదు. విను.

దిగువ చేనూ అందులో పాత గడ్డి కొట్టమూ ఎనిమిదేళ్ల కిందట సెల్విన్ దొరకు అమ్మాను గదా. దొర అంటే నిజం దొరేం కాదు, లండన్‌లో ఏవో కాగితాలు అటూ ఇటూ మార్చి బాగుపడ్డవాడు. గడ్డి కొట్టానికి కిటికీలు పెట్టించాడు, కప్పులో గాజు పెట్టించాడు, "గడ్డి కొట్టం" అని చెక్క మీద రాయించి గుమ్మానికి వేలాడదీశాడు. అందులో గడ్డి ఉన్నప్పుడు ఆ మాట రాయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

నీ పుస్తకాన్ని మొదట నెత్తిన పెట్టుకున్నవాడు వాడే. సూదుల గుంజ చూడదగ్గ చోటు అని నువ్వు రాయగానే దాని పక్కన పలక పాతాడు: "మనసులో కోరిక అనుకుని సూది గుచ్చండి." దాంతో వచ్చిన ప్రతివాళ్లూ రంగు తలల సూదులు. మా తాత పాతిన గుంజ ఇప్పుడు ముళ్లపందిలా ఉంది. లీడ్స్ నుంచి వచ్చిన పిల్ల ఒకతె మొగుడి కోసం గుచ్చుతోంది. "అమ్మాయ్, అది శవాల సుంకం" అన్నాను. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అంది.

పోయిన శరత్కాలంలో ఒకాయన బాట మీద పోతూ కిటికీ గాజులోంచి లోపలికి తొంగి చూశాడు. లోపల తొట్టిలో మన దొర సబ్బు నురగతో ఉన్నాడు. ఆ మర్నాడే గేటుకు గొలుసు, గొలుసుకు తాళం. నేను పోయి అడిగాను.

"తాళం దేనికి?"

"ఇది ప్రైవేటు స్థలం, మిస్టర్ కియర్టన్. అమ్మేటప్పుడు దీని మీద ఎవరికీ దారి హక్కు లేదని మీరే గదా చెప్పారు."

"అమ్మేటప్పుడు సవాలక్ష చెప్పాను. కప్పు కారదని కూడా చెప్పాను."

"అది కారుతోంది."

"మరి ఒకటి నమ్మనివాడివి రెండోది ఎందుకు నమ్ముతావు?"

నవ్వాడు. పట్నం నవ్వు. పళ్లన్నీ కనబడతాయి, చేతికేమీ రాదు. "దాటినవాళ్లంతా సూది గుచ్చేవాళ్లని మీరే కథలు కథలుగా చెప్పారు. గుచ్చారంటే అనుమతి అడిగినట్టే. అనుమతితో నడిచింది హక్కు కాదని మా లాయరు తేల్చాడు" అన్నాడు. మా తాత గుంజను చూపించి నాకే పాఠం చెప్పాడు!

కౌన్సిల్‌కు అర్జీ పెట్టాను. అట్టకు కాగితాలు తగిలించుకుని ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. శవం నడిస్తే దారి అందరిదీ అవుతుందన్నది ముసలమ్మల మాటట, చట్టంలో లేదట. "అయితే చట్టంలో ఏముంది నాయనా?" అన్నాను. "మీరు అమ్మకముందు, ఎవర్నీ అడక్కుండా, ఏమీ ఇవ్వకుండా, ఇది మా దారే అన్నట్టు దాటినవాళ్లు వచ్చి చెప్పాలి. బతికున్నవాళ్లు" అన్నాడు.

పై ఇళ్లలో ఇప్పుడెవరున్నారు? బయటూళ్లవాళ్లు. మీ అమ్మను మోసిన నలుగుర్నీ మరొకరు మోసేశారు. పైగా అందరూ మర్యాదస్తులు, అందరూ సూది గుచ్చినవాళ్లే. మర్యాద తెలియని మొండిదానివి లోకంలో నువ్వొక్కత్తెవే మిగిలావు. అందుకని సంతకం. ఇప్పుడు తెలిసిందా?

మీ అక్కకు కొంచెం దగ్గు.

ఏమోస్


విట్బీ.
ఫిబ్రవరి 27.

బావా,

నవ్వీ నవ్వీ టీ అంతా నీ ఉత్తరం మీద ఒలికింది. దాన్ని పొయ్యి దగ్గర ఆరబెట్టి మళ్లీ చదివాను, మళ్లీ నవ్వాను.

నాకు అర్థమైంది సరేనా చూడు. సూది గుచ్చలేదని ఇరవై ఏళ్లుగా నన్ను ఊరంతా సిగ్గులేనిదాన్ని చేశావు. ఇప్పుడు నీకు అర్జెంటుగా ఒక సిగ్గులేనిది కావాల్సొచ్చింది. ఎవరూ దాటకూడదని మీ తాతా మీ నాన్నా నువ్వూ గేటు దగ్గర కాపలా కాశారు. దారి లేదని చెప్పి చేను మంచి ధరకు అమ్ముకున్నావు. కొన్నవాడు నీ మాట నమ్మాడు, అదీ వాడి నేరం. నూతిలో తాడు నువ్వే కోసి, దాహమని నన్ను పిలుస్తున్నావు.

ఒకటి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. ఆ బాట తెరిస్తే నీకేమిటి? నడిచేవాళ్లంటే నీకు గిట్టదు. నువ్వు చర్చికి పోయేది ఏడాదికి ఒక్కసారి, పంటల పండగకు, నీ క్యాబేజీ పక్కవాడి క్యాబేజీ కంటే పెద్దదని చూసుకోవడానికి. దానికి ట్రాక్టరుంది, తారు రోడ్డుంది. అలాంటివాడివి కౌన్సిల్‌కు అర్జీ పెట్టావు. కుర్ర ఆఫీసరును "నాయనా" అన్నావు. నువ్వు! ఆ మాట చదివిన దగ్గర్నుంచి నాకు నవ్వు ఆగిపోయింది.

"కొంచెం దగ్గు" అని రాశావు. "కొంచెం" అన్న మాట ముందు రాసి, కొట్టేసి, మళ్లీ రాశావు. గీత కనబడుతూనే ఉంది.

ఎవరికోసం బావా ఆ బాట? అక్క సంగతి తిన్నగా రాయి. వంకరగా రాస్తే ఈసారి ఉత్తరం రాయను, రైలెక్కుతాను.

డోర్కస్


హైఫోల్డ్.
మార్చి 6.

డోర్కస్‌కు,

తిన్నగా రాస్తున్నాను. నవంబరు నుంచి మీ అక్క మంచం మీదే ఉంది. కడుపులో గడ్డ. కోయడానికి వేళ దాటిందని డాక్టరన్నాడు. దగ్గు అబద్ధం, ఆమెకు లేనిది దగ్గొక్కటే. కలం నిలవడం లేదు. క్రిస్మస్ కార్డు మీద పేరు రాయడానికి సాయంత్రమంతా పట్టింది, నన్ను చెయ్యి పట్టుకోనివ్వలేదు. నీకు చెప్పొద్దంది. "దాని తిప్పలు దానికున్నాయి, గొర్రెలు ఈనే కాలం అయ్యాక చెబుదాం" అంది. అక్కాచెల్లెళ్లిద్దరికీ నా మీద పెత్తనమే.

మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపించుకుంది. అక్కణ్నుంచి బాట కనబడుతుంది, గేటు కూడా. ఒక రోజు అడిగింది.

"ఏమోస్, నన్ను బాట మీదే తీసుకెళ్తావు గదా?"

"ఇప్పుడు మోటారు బండి వస్తోందే. మెత్తగా ఉంటుంది."

"పడుకుని పోయేదానికి మెత్తనేమిటి? రోడ్డు మీద తిప్పితే పెట్రోలు బంకు, క్వారీ, ఆ కోళ్ల షెడ్డు అన్నీ దాటించాలి. ఆ కోళ్ల వాసన నాకు పడదు."

"అప్పుడు నీకు వాసనేం తెలుస్తుంది?"

"నీకు తెలుస్తుంది. తిట్టుకుంటూ వస్తావు. నా అంత్యక్రియలకు నువ్వు కోళ్లను తిట్టడం నాకిష్టం లేదు. అమ్మ పోయిన దారినే పోతాను. దించుడు రాయి దగ్గర నన్ను దించి అందరూ ఊపిరి తీసుకోండి. మోసేవాళ్లకు కేకూ చీజూ పెట్టు. చీజు పల్చగా కోయకు, మీ అమ్మలాగా."

సరే అన్నాను. అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు, ఎప్పుడూ చేయలేదు.

దొరను అడగలేదా అంటావు. అడిగాను. టోపీ తీసి మరీ అడిగాను. పాపం చాలా విచారంగా ముఖం పెట్టాడు. ఆ ఒక్కసారికి అనుమతిస్తానన్నాడు. శని ఆదివారాలు వద్దట, చుట్టాలొస్తారట. పొద్దున పది లోపల దాటిపోవాలట. తన అనుమతి మీదే దాటామని ఒక కాగితం రాసిస్తాడట, దాని మీద నేను సంతకం పెట్టాలట. లేకపోతే రేపు దారి హక్కు అంటారట. నా పెళ్లాం శవానికి వాడి చీటీ! మా తాత గేటు దగ్గర! ఆ కాగితాన్ని ఎక్కడ పెట్టుకోవాలో చెప్పి వచ్చాను.

ఇది మీ అక్కకు తెలియదు. తెలిస్తే ఒప్పేసుకోమంటుంది. నువ్వు చెప్పకు.

విచారణ మే పదమూడున, పాత బడిలో. ఆ ఆఫీసరు పైవాణ్ని తీసుకొస్తాడట. నువ్వు వచ్చి సూది గుచ్చలేదని చెప్పాలి. ఎలాగూ గుచ్చలేదు గదా. ఉన్న మాటే గదా. చేసిన తప్పు జీవితంలో ఒక్కసారైనా పనికొచ్చిందనుకో.

ఏమోస్


విట్బీ.
ఏప్రిల్ 26.

బావా,

ఇంటికి చేరాను. ఈస్టర్‌కు గదులకని పుచ్చుకున్న బయానాలన్నీ తిరిగిచ్చేశాను గానీ పాత అద్దెవాళ్లను తరిమేయలేను గదా. అక్క దగ్గర నెల పైన కూర్చుని, మళ్లీ ఎప్పుడు పిలిచినా వస్తానని చెప్పి వచ్చాను. పొయ్యి దగ్గర ఒక అట్టపెట్టెలో తల్లిలేని గొర్రెపిల్లలు, మంచం మీద అక్క, రెండు చోట్లా నువ్వే సీసాతో పాలు పట్టడం చూశాను. చూసినట్టు నీకు తెలియకుండా చూశాను. ఊళ్లో చెప్పనులే, నీ పరువు పోతుంది.

సూది మాట అక్కడ ఎత్తలేకపోయాను. "నా మంచం పక్కన మీరిద్దరూ పోట్లాడుకుంటే లేచొచ్చి కొడతాను" అని అక్క ముందే అంది గదా. అందుకని ఇప్పుడు రాస్తున్నాను. కూర్చుని చదువు.

నేను సూది గుచ్చాను.

అమ్మ పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "సూది మరచిపోకే డోర్కస్. ఏమోస్ నన్ను గేటు దగ్గర నిలబెట్టినా నిలబెడతాడు" అంది. కన్నకూతుర్ని ఇచ్చిన అల్లుడి గురించి అమ్మ చివరగా అన్న మాట అది. ఆ రోజు మంచు ఎలా కొట్టిందో నీకు గుర్తుండాలి. హడావుడిలో సూది తేవడం మరచాను. గేటు దగ్గర పేటిక ఆగింది. నువ్వు గోడ పక్కన చేతులు కట్టుకుని గుంజనే చూస్తున్నావు. నీ పెళ్లాం తల్లి పేటికలో ఉంది. నువ్వు గుంజను చూస్తున్నావు.

మోసేవాళ్లకు దారి ఇస్తున్నట్టు గుంజ వెనక్కి తప్పుకుని నా టోపీ సూది తీశాను. అమ్మదే అది, నల్ల గాజుపూస తలది. గుంజకు వెనక వైపు, కింద, గోడకు ఆనుకున్న చోట పూస దాకా దిగేసరికి వేలు చీరుకుంది. సూది లేని టోపీని గాలి ఊరుకుంటుందా? అది వాగులో పడింది. జుట్టు గడ్డివాములా ఉందన్నావు. అవును, అలాగే ఉండి ఉంటుంది.

అందరి సూదులూ ముందు వైపు ఉంటాయి గనక నువ్వు ముందు వైపే చూశావు. నేను చెప్పలేదు. నీకు సుంకం ముట్టాలి, ముట్టినట్టు నీకు తెలియకూడదు. అదే నా కసి. ప్రతి క్రిస్మస్‌కూ నువ్వు ఆ మాట గొంతులో పెట్టుకుని గుటకలు మింగుతుంటే నాకు పుడ్డింగు ఇంకా తియ్యగా ఉండేది.

కాబట్టి వచ్చి గుచ్చలేదని చెప్పలేను. అబద్ధ సాక్ష్యం పలకవద్దని జీవితమంతా పిల్లలకు నేర్పి, అదే బడిలో నిలబడి, అదే పని చేయలేను. ఎన్ని రాత్రులు ఆలోచించినా నోరు రావడం లేదు. అక్క అడిగితే చెబుతానేమో. అక్క అడిగే మనిషి కాదు.

దొర చీటీ వద్దన్నావే, అందులో మాత్రం జన్మకోసారి నీతో నాకు పొత్తు కుదిరింది. అక్క చీటీ మీద పోకూడదు. కానీ ఒకటడుగుతాను. మనవాళ్ల శవంతో ఆ గేటు దగ్గర నిలబడి ఒకడి దయ కోసం చూడటం ఎలా ఉంటుందో ఇప్పుడైనా తెలిసిందా? తెలియకపోతే ఈ ముక్క ఇంకోసారి చదువు.

డోర్కస్


హైఫోల్డ్.
మే 5.

డోర్కస్‌కు,

చదివాను. రెండోసారి చదవమన్నావు. నేను ఏదీ రెండుసార్లు చదవను. ఒకసారికే సరిపోయింది.

మర్నాడు పాలు పితికి నేరుగా గేటు దగ్గరికి పోయాను. తాళం వాడిది, గోడ మా తాతది, ఎక్కి దిగాను. గుంజ వెనక నాచు పట్టి ఉంది. మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో గీకుతుంటే దొరసాని పూల గౌనులో బయటికొచ్చింది.

"మిస్టర్ కియర్టన్! ప్రార్థన చేసుకుంటున్నారా?"

"అవునమ్మా. మీ గులాబీల కోసం. వాటికి ఇంకెవరూ దిక్కులేరు."

లోపలికి పోయి మొగుణ్ని లేపింది. వాడు వచ్చేలోపల దొరికింది. నల్లపూస. ఊరంతా మొగుళ్ల కోసం గుచ్చిన ఎరుపూ పసుపూ నాకు కనబడుతూనే ఉన్నాయి, ఇది మాత్రం ఇన్నేళ్లూ నా నేల మీదే ఉండి కనబడలేదు. గిట్టలు కత్తిరించే పట్కారుతో లాగాను. ఆడదానివి, అంత లోతుకు ఎలా దించావో నాకర్థం కాలేదు. నా మీద కోపంతోనే దిగి ఉంటుంది.

ఇప్పుడు నేను చెప్పేది సరిగ్గా విను, పంతులమ్మవు గదా. సుంకం అంటే ఒకడు ఇవ్వాలి, ఒకడు పుచ్చుకోవాలి. నువ్వు దొంగచాటుగా ఇచ్చావు. నేను పుచ్చుకోలేదు. నన్ను అడగలేదు, నేను పొమ్మనలేదు. ఇరవై ఏళ్లుగా నాకు ముట్టలేదనే అంటున్నాను, ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. ఇక ఇప్పుడు, నీ సూది నీకు తిరిగి పంపేస్తున్నాను. ఈ కవరులోనే ఉంది, గొర్రె ఉన్నిలో చుట్టాను. ఉన్ని జిడ్డుకు తుప్పు కొంత పోయింది. వంకర తీశాను, పూర్తిగా పోలేదు. తిప్పి పంపిన సుంకం సుంకం కాదు. కాబట్టి నువ్వు ఆఫీసర్ల ముందు నిలబడి "నేను ఎవర్నీ అనుమతి అడగలేదు, ఏమోస్ కియర్టన్ నా దగ్గర సూది పుచ్చుకోలేదు" అను. అందులో ఏ మాట అబద్ధమో నువ్వే చూసుకో. వాళ్లు ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే జరిగిందంతా చెప్పు. నేనూ అక్కడే ఉంటాను, ముందు వరసలో. నా గురించి ఏం చెప్పినా సరే. గుంజను చూస్తూ నిలబడ్డానని కూడా చెప్పు. మీ అక్క ఆ బాట మీద పోతే చాలు, నన్ను ఊరు ఏమన్నా నాకు లెక్కలేదు, ఎప్పుడూ లేదు.

టోపీ సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ మాట అనేవాణ్ని కాదని చెప్పను. ఇంకోలా అనేవాణ్ని.

సూదిని ముందు మీ అక్కకు చూపించాను. అరచేతిలో పెట్టుకుని, "అమ్మ నల్లపూస" అంది. ఎక్కడిదని అడిగితే సూది కథంతా చెప్పాల్సొచ్చింది. నవ్వింది. నవ్వితే నొప్పి, అయినా ఆపుకోలేకపోయింది. "ఇరవై ఏళ్లు! మీరిద్దరూ ఒకే గుంజకు చెరోవైపు!" అంది. తర్వాత టీ అడిగింది. మూడు గుక్కలు తాగింది. గోధుమరంగు టోపీ నీకు నప్పదట, నీలందే పెట్టుకోమంది. విచారణకూ అదే, ఆ తర్వాత వచ్చే రోజుకూ అదే. ఏ రోజుకో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

డాక్టరు ఈ నెల అన్నాడు, నెలాఖరు అనలేదు. దొర మాత్రం ఆ గుంజను పెరికించి ఎక్కడో మ్యూజియానికి ఇస్తాడట. ఇస్తే ఇవ్వనీ. అందులో ఇక నాకు కావాల్సినదేమీ లేదు.

విచారణ పదమూడు, గురువారం. బుధవారం బండికి స్టేషన్ దగ్గర ట్రాక్టరుతో ఉంటాను. వానొస్తుంది, దుప్పటి తెస్తాను. కవరు తెరిచేటప్పుడు వేళ్లు జాగ్రత్త, మొన మొద్దుబారలేదు. టోపీకి అదే సూది పెట్టుకుని రా.

సోమవారం టపాకల్లా నాకు జవాబు కావాలి. "వస్తున్నాను" అన్న ఒక్క మాట చాలు, మిగతా తెలివి దగ్గర పెట్టుకో. టపావాడు మధ్యాహ్నం ఆ గేటు ముందు నుంచే పోతాడు. అక్కడే నిలబడి ఉంటాను.

మీ బావ,
ఏమోస్